రాత్రిపూట గేదె పడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

పాడి - జీవాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే జబ్బు గురించి అడిగినవాళ్ల కంటే డాక్టరు గురించి అడిగినవాళ్లే ఎక్కువ ఉన్నారు. మందు పేరు ఎవరైనా చెబుతారు, ఆ మందు తెలిసి వేసే మనిషి మన కొట్టం దాకా ఎప్పుడొస్తాడు, అసలు వస్తాడా అన్నదే అందరి టెన్షన్. అందుకని దాణా, పచ్చిమేత ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి ఇవే తీసుకున్నాను. రాసినవాళ్ల పేర్లు వెయ్యడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఊరు మండల కేంద్రానికి బాగా లోపలికి ఉంటుంది. మా గ్రేడెడ్ ముర్రా గేదె నాలుగో ఈత ఈనింది. దూడ బాగుంది, మాయ కూడా పడింది. రెండో రోజు రాత్రి మేత మానేసి కూలబడింది. లేపితే లేవలేదు, మెడ వెనక్కి తిప్పి డొక్క మీద పెట్టుకుంది. పశువుల అంబులెన్సు నంబరు 1962కి చేస్తే పొద్దున బండి పంపిస్తామన్నారు. ఆసుపత్రి డాక్టరు గారి ఫోన్ మోగింది గానీ ఎత్తలేదు. ఊళ్లో సూదులు వేసే ఆయన్ని పిలిస్తే కాల్షియం సీసా నరానికి ఎక్కించాడు. సగం దిగేసరికి గేదె గిలగిల్లాడి ప్రాణం వదిలేసింది. లక్షా పది వేలు పెట్టి కొన్నాం. తప్పు ఎవరిది? మేం ఏం చెయ్యాల్సింది? (ఒక మహిళా రైతు, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా బాధేసింది. పోస్ట్‌మార్టం జరగలేదు కాబట్టి ఖాయంగా అనలేం గానీ, మీరు రాసిన లక్షణాలన్నీ పాలజ్వరానివే. బాగా పాలిచ్చే గేదెలకీ, జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్) ఆవులకీ మూడో ఈత నుంచి ఇది ఎక్కువగా వస్తుంది, అదీ ఈనిన మూడు రోజుల్లోపే. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్లిపోతుంది, ఎముకల్లో ఉన్నది రక్తంలోకి అంత వేగంగా రాదు, దాంతో కండరాలు పట్టు తప్పి పశువు కూలబడుతుంది. ఒళ్లు కాలదు, చల్లబడుతుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి, ముట్టె ఎండిపోతుంది, నెమరు ఆగిపోతుంది, పేడ వెయ్యదు.

ఆయన ఎక్కించిన మందు తప్పు కాదు, పాలజ్వరానికి వేసేది అదే. కాకపోతే కాల్షియం నరానికి ఎక్కించేటప్పుడు సీసాని ఒంటి వేడికి తెచ్చి, చుక్కచుక్కగా వదులుతూ, స్టెతస్కోప్ గుండె మీద పెట్టి వింటూ ఉండాలి. గుండె చప్పుడు తేడాగా వినిపించిన క్షణం ఆపెయ్యాలి. గబగబా దించేస్తే గుండె ఆగిపోతుంది, మీ గేదెకి జరిగింది అదే అయ్యుండాలి. సరిగ్గా ఎక్కిస్తే గంటల్లోనే లేచి నిలబడే జబ్బు ఇది. అందుకే మీ ఉత్తరం మరీ బాధ పెట్టింది.

తప్పు ఎవరిదని అడిగారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చెయ్యాల్సింది రిజిస్టర్ అయిన పశువైద్యులే. డిప్లొమా చేసిన సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చిన్నచిన్న సేవలు చెయ్యొచ్చు, అదీ ప్రభుత్వం అనుమతించినంత మేరకే. నరానికి కాల్షియం ఎక్కించడం చిన్న సేవ కాదు. కాబట్టి ఆయన చెయ్యకూడని పని చేశాడు. కానీ ఆ రాత్రి మీకు ఇంకో దారి ఏముందో ఆ చట్టం చెప్పదు. 5,000 పశువులకి ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. 1962కి చేస్తే వచ్చే సంచార వైద్యశాలలకైతే కేంద్రం పెట్టుకున్న లెక్క లక్ష పశువులకి ఒక బండి. తెలంగాణలో 2017లో 100 బండ్లతో మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2022 మేలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175తో మొదలై తర్వాత 340 అయ్యాయి. డాక్టరు, సహాయకుడు, డ్రైవరు, మందులు, చిన్న ల్యాబు, లేవలేని పశువుని ఎక్కించే హైడ్రాలిక్ లిఫ్టు, అన్నీ ఉంటాయి. మంచి పథకం, ఎన్నో పశువుల్ని కాపాడింది. కానీ అది ప్రధానంగా పగటిపూట సేవ. గేదెలు పగలూ రాత్రీ చూసుకుని ఈనవు. డివిజన్‌కి ఒక్క ఆసుపత్రిలోనైనా వంతులవారీగా రాత్రి డ్యూటీ డాక్టరు ఉండి తీరాలని, ఆ నంబరు ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా పెద్ద అక్షరాల్లో రాయాలని నా గట్టి అభిప్రాయం. మనుషులకి 108 రాత్రి పగలూ తిరుగుతున్నప్పుడు, ఆ మనుషుల్ని పోషించే గేదెకి పొద్దున దాకా ఆగమనడం న్యాయం కాదు. మీకు జరిగింది కాగితం మీద రాసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, ఒక కాపీ మీ డివిజన్ పశుసంవర్ధక శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. పోయిన గేదె రాదు గానీ, రాత్రి సేవ కావాలని అడిగే కాగితాలు అక్కడ పేరుకోవాలి.

ఇక ఇంకోసారి ఇలా జరిగితే ఏం చెయ్యాలో చెబుతాను, కత్తిరించి కొట్టంలో అంటించుకున్నా మంచిదే. పడిపోయిన పశువుని పక్కకి వాలి పడుకోనివ్వకండి. గడ్డి కూరిన గోతాలు రెండు పక్కలా దన్ను పెట్టి, రొమ్ము మీద కూర్చున్నట్టు ఉంచి, తల ఎత్తుగా ఉండేలా చూడండి. పక్కకి పడితే పొట్ట ఉబ్బుతుంది, పొట్టలోది గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు మూడు గంటలకోసారి ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చండి. గోనె పట్టా కప్పండి. పాలు మొత్తం పిండెయ్యకండి. అన్నిటికంటే ముఖ్యం, నోట్లో ఏమీ పొయ్యకండి. నూనె గానీ, బెల్లం నీళ్లు గానీ, కాల్షియం టానిక్ గానీ, ఏదైనా సరే వద్దు. ఆ స్థితిలో పశువుకి మింగే శక్తి ఉండదు, పోసినదంతా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పాలజ్వరం తగ్గాక కూడా నాలుగైదు రోజులకి న్యుమోనియాతో పోయే పశువుల్లో చాలా వాటికి ఇదే కారణం.

ఈలోగా ఫోన్లు. ఒక్క డాక్టరు ఎత్తకపోతే ఆగిపోవద్దు, పక్క మండలం డాక్టరుకి చెయ్యండి. మీరు పాలు పోసే డైరీకి సొంత డాక్టరు ఉన్నారేమో సెంటర్‌లో ముందే అడిగి నంబరు రాసుకోండి, కొన్ని డైరీలు పాలు పోసేవాళ్లకి ఈ సాయం చేస్తాయి. మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, వాళ్లు ఊళ్లోనే ఉంటే డాక్టరుతో స్పీకర్ ఫోన్‌లో మాట్లాడిస్తూ చేయించొచ్చు. ఫోన్‌లో "గేదెకి బాగోలేదు, త్వరగా రండి" అంటే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. ఎన్నో ఈత, ఎన్ని గంటల క్రితం ఈనింది, మాయ పడిందా, చెవులు చల్లగా ఉన్నాయా, పేడ వేసిందా, మెడ ఎలా పెట్టింది, ఇవి చెప్పి ఒక చిన్న వీడియో పంపండి. పక్క మీద నుంచి లేచి రావాల్సినంత కేసా కాదా అని ఆయన నిర్ణయించుకునేది వాటిని బట్టే.

ఇంకో సంగతి, ఇదే అసలైనది. చూడి కట్టించిన తేదీ మీ దగ్గర ఉంటుంది. దానికి గేదెకైతే సుమారు 310 రోజులు, ఆవుకైతే 280 రోజులు కలపండి. ఆ తేదీకి వారం ముందే ఆసుపత్రికి వెళ్లి "ఫలానా వారంలో మా గేదె ఈనుతుంది, నాలుగో ఈత, పూటకి ఇన్ని లీటర్లు ఇస్తుంది" అని చెప్పి రండి. ముందే తెలిసిన గేదె కోసం, ముందే చూసిన మనిషి కోసం డాక్టరు రాత్రి కూడా ఫోన్ ఎత్తుతాడు. అందరూ ఎత్తుతారని హామీ ఇవ్వలేను, చాలామంది ఎత్తుతారు.

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. ఏటా జీవాలను తోలుకొని కృష్ణా నది దాటి గుంటూరు వైపు పోతాం, నెలల తరబడి ఊర్లో ఉండం. ఊర్లో టీకాలు వేసినప్పుడు మేము ఉండం, అక్కడ అడిగితే మీ జిల్లాలోనే వేయించుకోండి అంటున్నారు. ఈసారి మందలో నలభై దాకా జీవాలు ముక్కులు కారుతూ, పారుకుంటూ చచ్చిపోయాయి. ఎన్ని సూదులు వేయించినా ఆగలేదు. (ఒక గొర్రెల కాపరి)

జవాబు: అన్నా, ముక్కు, కళ్లు కారడం, నోట్లో పుండ్లు, తర్వాత పారుడు, దగ్గు, ఇదంతా పీపీఆర్ లాగానే ఉంది. మీరు పారుడు రోగం అనేది దీన్నే. ఇది వైరస్. వేయించిన సూదులు పైన వచ్చే న్యుమోనియాకి కొంత పనికొస్తాయి గానీ వైరస్‌ని చంపవు. దీనికి టీకా ఒక్కటే దారి. నాలుగు నెలలు దాటిన పిల్లకి ఒక్కసారి వేస్తే మూడేళ్ల దాకా కాపాడుతుంది, ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. 2030 నాటికి ఈ జబ్బునే లేకుండా చెయ్యాలన్నది ప్రపంచ లక్ష్యం, మన దేశమూ అందులో ఉంది. అలాంటప్పుడు మంద ఎక్కడుంటే అక్కడ టీకా వెయ్యాలి గానీ, యజమాని ఆధార్ ఏ జిల్లాదని చూస్తే ఎలా? 2019 పశుగణనలో గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, దాదాపు కోటీ 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, కోటీ 76 లక్షలు. ఆ రెండు రాష్ట్రాల మధ్య మందలు ఏటా ఏ దారిన పోతాయో, ఏ రేవు దగ్గర నది దాటుతాయో అందరికీ తెలుసు. దాటే చోట ఇటు సిబ్బంది, అటు సిబ్బంది ఒక వారం కలిసి కూర్చుంటే పని అయిపోతుంది. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, రెండు శాఖలు మాట్లాడుకుంటే చాలు.

అది జరిగే లోపు మీరు చెయ్యగలిగింది ఉంది. ముప్పై గొర్రెలు తోలుకెళ్లి టీకా వెయ్యమంటే ఆసుపత్రిలో ఎందుకు రేపు మాపు అంటారో తెలుసుకోండి. పీపీఆర్ టీకా పొడి రూపంలో సీసాలో వస్తుంది, ఒక్కో సీసాలో యాభై, వంద డోసులుంటాయి. ద్రావకం కలిపాక ఐస్‌లో పెట్టినా గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాల్సిందే. అందుకని మీ ఊరి నుంచి వెళ్లే నాలుగైదు మందల వాళ్లు కలిసి, మొత్తం ఎన్ని జీవాలో లెక్క రాసి, బయల్దేరడానికి నెల ముందు వెళ్లి తేదీ అడగండి. నాలుగు వందల జీవాలకి ఒకేచోట వెయ్యడమంటే వాళ్లకీ సులువే, డాక్టరు కాదనడు. టీకా పట్టు దొరకడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి బయల్దేరే ముందు రోజు వేయిస్తే లాభం లేదు. వేసిన తేదీ, సంతకం ఉన్న చీటీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

చిటుక రోగం టీకా వేరు, అది ఏటా తొలకరికి ముందే పడాలి, లేత గడ్డి మేసి రాత్రికి బాగున్న జీవం తెల్లారేసరికి చచ్చి ఉండేది దానివల్లే. బొబ్బ రోగానికీ వేరే టీకా ఉంది. మూడూ ఎప్పుడెప్పుడో అదే చీటీ మీద రాయించుకోండి.

మందలో రోగం మొదలైతే రోగం ఉన్నవాటిని వేరు చేసి, వెంటనే దగ్గరున్న ఏ ఆసుపత్రికైనా చెప్పండి. చచ్చిన జీవాన్ని పరీక్ష చేస్తే మిగతా మంద దక్కుతుంది, జిల్లా కేంద్రాల్లో పశువ్యాధి నిర్ధారణ ల్యాబులు అందుకే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. జీవం ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచో పేడ దారిలోంచో నల్లటి రక్తం కారి, ఆ రక్తం గడ్డ కట్టకుండా ఉంటే అది దొమ్మ రోగం కావచ్చు. కొయ్యకండి, తోలు తియ్యకండి, కూర వండుకోకండి. ఆ రోగం మనుషులకీ వస్తుంది. కోస్తే ఆ క్రిములు నేలలో పడి ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, మళ్లీ అదే బీడులో మేసిన మందని పట్టుకుంటాయి. లోతు గుంట తవ్వి సున్నం వేసి పూడ్చి, ఆసుపత్రిలో చెప్పండి. నలభై జీవాలు పోయిన మీకు ఇది కూడా చెప్పాల్సి రావడం కష్టంగానే ఉంది.

ప్రశ్న: మా ఊరికి గాలికుంటు టీకా వెయ్యడానికి వస్తే మా అత్తగారు ఆవుల్ని చేలోకి తోలేశారు. టీకా వేస్తే పాలు పడిపోతాయంటారు. చెవికి పోగు వేస్తే ప్రభుత్వం లెక్క కట్టి పన్ను వేస్తుందని కూడా భయం. (అన్నమయ్య జిల్లా నుంచి ఒక కోడలు)

జవాబు: పాలు కొంచెం తగ్గడం నిజమే, రెండు మూడు రోజులు. సూది వేసిన చోట చిన్న గడ్డ కూడా రావచ్చు, తగ్గిపోతుంది. మీ అత్తగారు చూసింది అబద్ధం కాదు కాబట్టి ఆమెతో వాదించకండి. గాలికుంటు వచ్చిన ఆవుని ఒకసారి ఆమెకి గుర్తు చెయ్యండి. నోట్లో పుండ్లతో సొంగ కారుస్తూ మేత ముట్టదు, గిట్టల మధ్య పుండ్లతో అడుగు వెయ్యలేదు, పాలు తాగే దూడ గుండె దెబ్బతిని చచ్చిపోతుంది. తగ్గాక కూడా కొన్ని సంకరజాతి ఆవులు ఎండ తగిలితే చాలు నాలుక బయట పెట్టి ఒగరుస్తూనే ఉంటాయి, ఒళ్లంతా బొచ్చు పెరుగుతుంది, ఆ ఆవు ఇక పాడికి రాదు. రెండు రోజుల పాలకీ దీనికీ పోలిక ఎక్కడ? ఏడాదికి రెండుసార్లు, ఆరు నెలలకోసారి, తప్పకుండా వేయించండి. నెలలు నిండిన చూడి ఆవు ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

చెవిపోగు మీద ఉండే 12 అంకెలు ఆ పశువుకి గుర్తింపు నంబరు. ఏ టీకా ఎప్పుడు పడింది, ఎప్పుడు చూడి కట్టించారు అన్నది ఆ నంబరు కింద నమోదవుతుంది. పన్నుతో సంబంధం లేదు. అది లేకపోతే బీమా లేదు, రేపు ఏ పథకానికి వెళ్లినా మొదట అడిగేది అదే. కేంద్రం 2019 సెప్టెంబరులో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కిందే గాలికుంటుతో పాటు బ్రూసెల్లా టీకా కూడా వేస్తున్నారు. అది ఆడ దూడలకి మాత్రమే, నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జన్మకి ఒక్కసారి. ఆ నాలుగు నెలల గడువు దాటితే మళ్లీ వెయ్యరు, కాబట్టి పెయ్య దూడ ఉంటే తేదీ లెక్క పెట్టుకోండి. బ్రూసెల్లా ఉన్న ఆవు ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే దూడని వేసేస్తుంది, ఆ మాయని వట్టి చేతులతో లాగినవాళ్లకి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు అంటుకుంటాయి. మన ఇళ్లలో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే.

ప్రశ్న: ఊళ్లు తిరిగి చూడి సూదులు వేసే గోపాలమిత్రతో నాలుగుసార్లు సూది వేయించాను, బర్రె చూడి నిలవక మళ్లీ పొర్లుతూనే (ఎదకి వస్తూనే) ఉంది. సెమన్ మంచిది కాదంటారా? (కరీంనగర్ జిల్లా)

జవాబు: సెమన్ మీద నింద వేసే ముందు టైము చూడండి. బర్రెల్లో మూగ ఎద ఎక్కువ, ఎండాకాలంలో మరీను. అరవదు, మీద ఎక్కదు, తెల్లవారుజామున జిగురు తీగలు వేసి ఊరుకుంటుంది, మనం పది గంటలకి గమనించి ఫోన్ చేస్తే ఆయన మర్నాడు వస్తాడు, సమయం దాటిపోతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి పొద్దున సూది పడాలి. ఆయన వచ్చినప్పుడు పక్కనే నిలబడి చూడండి. నైట్రోజన్ డబ్బాలోంచి తీసిన స్ట్రాని (సెమన్ ఉండే సన్న గొట్టాన్ని) గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, వెంటనే వెయ్యాలి. చేత్తో రుద్దో, జేబులో పెట్టుకునో వేస్తే పైసాకి పనికిరాదు. గట్టిగా అడగండి, అడగడం మీ హక్కు. అలాగని గోపాలమిత్రలని తక్కువ చెయ్యొద్దు, జీతం లాంటి జీతం లేకుండా బండి మీద ఊళ్లు తిరిగే వీళ్లు లేకపోతే చాలా పల్లెల్లో చూడి కట్టడమే ఉండేది కాదు.

మూడుసార్లు పొర్లితే మాత్రం నాలుగోసారి వేయించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గర్భసంచిలో చీము, అండాశయం సమస్య, ఖనిజ లవణాల లోపం, ఇవి చెయ్యి పెట్టి చూసి, పరీక్ష చేసి తేల్చాల్సినవి. పశుసంవర్ధక శాఖ గర్భకోశ వ్యాధుల శిబిరాలు పెడుతుంది, మీ మండలంలో ఎప్పుడో కనుక్కోండి.

ప్రశ్న: మావారు మస్కట్‌లో పని చేస్తారు. రెండు బర్రెల్ని నేనూ అత్తమ్మా చూసుకుంటాం. ఆసుపత్రికి నడిపించుకుపోలేను, ఆటో ట్రాలీ కిరాయి ఆరు వందలు. అందుకే మెడికల్ షాపులో చెప్పి మందు తెచ్చి మేమే వేస్తున్నాం. తప్పా? (జగిత్యాల జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, మీ ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ ఇది ఆపెయ్యండి. షాపులో అబ్బాయి బర్రెని చూడలేదు. పొదుగువాపుకి ఏదో ఒక యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపితే వాపు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది, రెండోసారి ఆ మందు పనిచెయ్యదు, చివరికి చన్ను మూసుకుపోతుంది. వేసిన మందు పాలలోకి వస్తుంది. ఎన్ని రోజులు ఆ పాలు వాడకూడదో మందు పెట్టె మీద ఉంటుంది, అన్నిరోజులూ సెంటర్‌లో పొయ్యకండి, పిల్లలకీ పట్టకండి. ఇక నొప్పి సూదులు. డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకూడదని 2006లోనే నిషేధించారు, 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఆ సూది వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులకి మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా పోయాయి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద కొన్నేళ్ల కిందట కొన్ని రాబందులు గూళ్లు పెట్టుకున్నాయి, అలాంటి వాటి ప్రాణం మన కొట్టంలో వేసే సూది మీద ఉంటుంది. మెలాక్సికామ్ అనే నొప్పి మందు వాటికి హాని చెయ్యదు, అది కూడా డాక్టరు రాస్తేనే.

1962కి పగటిపూట చేస్తే బండి ఊళ్లోకే వస్తుంది, ట్రాలీ కిరాయి అక్కర్లేదు, వైద్యం ఉచితం. చిన్న పని ఒకటి చెయ్యండి. మీ ఇంట్లో పశువుల వివరాలు ఆసుపత్రిలో మీవారి ఫోన్ నంబరుతోనే ఉండి ఉంటాయి. టీకాల మెసేజ్ మస్కట్‌కి వెళ్తే మీకేం లాభం? మీ నంబరు పెట్టమని అడగండి. చాకిరీ అంతా ఆడవాళ్లది, రికార్డులో పేరు మగవాళ్లది అన్న పద్ధతి ఇకనైనా మారాలి. డాక్టరు వచ్చినప్పుడు పక్కింటి మగాయన్ని ముందుకి తోసి మీరు వెనక నిలబడకండి. బర్రె ఎప్పుడు మేత మానిందో మీకు తెలుసు, ఆయనకి తెలియదు.

ప్రశ్న: బీమా చేసిన ఆవు పోయింది. చెవిపోగు ఎప్పుడో ఊడిపోయిందని క్లెయిమ్ ఇవ్వలేదు. (అనంతపురం జిల్లా)

జవాబు: పోగు లేకపోతే క్లెయిమ్ లేదన్నది చాలా పాలసీల్లో రాసే ఉంటుంది. పోగు ఊడిన రోజే కంపెనీకి, డాక్టరుకి రాతపూర్వకంగా చెప్పి కొత్తది వేయించి, ఆ నంబరు పాలసీలో ఎక్కించుకోవాలి. మీ దగ్గర ఫోటోలు, డాక్టరు ఇచ్చిన పోస్ట్‌మార్టం రిపోర్టు, ఆవు మీదేనని చెప్పే ఆసుపత్రి రికార్డు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. గెలుస్తారని చెప్పలేను, ప్రయత్నం మాత్రం చెయ్యండి.

మిగతావాళ్ల కోసం: 2024లో నిబంధనలు మార్చి జాతీయ పశుసంపద పథకం కింద ప్రీమియంలో రైతు వాటా 15 శాతానికి తగ్గించారు, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. ఆసుపత్రిలో అడిగి ఇప్పుడే చేయించుకోండి. పశువు పోతే వెంటనే కంపెనీకి ఫోన్ చెయ్యండి, పోస్ట్‌మార్టం అయ్యేదాకా పూడ్చకండి, పోగున్న చెవిని జాగ్రత్త చెయ్యండి.

ప్రశ్న: ఆవు మేత మింగలేక సొంగ కారుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని మా నాన్న చెయ్యి పెట్టి చూశారు. రెండు రోజులకి ఆవు చనిపోయింది. అంతకు ముందు నెల దాన్ని కుక్క కరిచింది. ఆ పాలు మేమంతా తాగాం. (విజయనగరం జిల్లా)

జవాబు: ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంది కాబట్టి అందిన రోజే మీతో మాట్లాడాను. ఇంకెక్కడైనా ఇలా జరిగితే అందరికీ తెలియాలని ఇక్కడ కూడా రాస్తున్నాను. కుక్క కరిచిన ఆవు సొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారిపోయి అరుస్తుంటే అది రేబిస్ కావచ్చు. నోట్లో చెయ్యి పెట్టకూడదు. పెట్టినవాళ్లు ఆ చేతిని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడుక్కుని అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లాలి. చేతికి గీరుడు కనిపించకపోయినా వెళ్లాలి. టీకా ఉచితం, మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు, ఒక్కటి కూడా మానకూడదు. రోజులు గడిచిపోయినా సరే వెళ్లండి, ఆలస్యమైందని ఊరుకోకండి. కాచిన పాలు తాగినవాళ్లకి భయం లేదు, పచ్చిపాలు తాగినవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. ఆవుని కుక్క కరిచిన రోజే పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే కరిచిన పశువుకి కూడా టీకాలు వేస్తారు. మీ కొట్టంలో అదే కుక్క కరిచిన దూడ ఇంకోటి ఉందన్నారు, దాన్ని విడిగా కట్టేసి, దగ్గరికి పిల్లల్ని పోనివ్వకుండా, రేపు పొద్దునే 1962కి ఫోన్ చెయ్యండి.